వంకగట్టు మట్టి

బెంగళూరు,
12 జూన్ 1957

అక్కకు దావీదు వందనాలు.

నేను క్షేమం. నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. హాస్టలు మారాను, ఇకమీదట పై చిరునామాకు రాయి. ఇక్కడ అన్నంలో రాళ్ళు తగ్గాయి గానీ సాంబారులో బెల్లం తప్పడం లేదు. నీ చేతి కొర్రన్నం, పుంటికూర తలుచుకుని నీళ్ళు తాగి పడుకుంటున్నాను.

మీ తమ్ముడు పరిశోధనాలయంలో ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదని రాశావు. ఈసారి అర్థమయ్యేట్టు చెప్తాను. గొర్రెలకు దొమ్మ రోగం తెచ్చే క్రిమి ఒకటి ఉంది. కంటికి ఆనదు. గొర్రె నెత్తురులో మేత ఉన్నంతసేపు అది ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతుంది. మేత అయిపోయి గాలి తగిలిందా, ఆ పని ఆపేస్తుంది. తన లోపలే ఒక బీజం కట్టి, దాని మీద పొర మీద పొర కప్పి, తాను పగిలిపోతుంది. బీజం మిగులుతుంది. ఎండకు చావదు, వానకు చావదు, మట్టిలో నలభై ఏండ్లయినా పడి ఉంటుంది. మేత దొరికిన దినం మళ్ళీ లేస్తుంది.

ఆ క్రిమిలో అన్ని ఆజ్ఞలూ పుట్టుకతోనే ఉంటాయి. పాదిరిగారి ప్రార్థన పుస్తకంలో పెండ్లికి ఒక పుట, సమాధికి ఒక పుట ఉంటాయి కదా, అట్లా. పుస్తకం ఒకటే. ఏ గడియకు ఏ పుట తెరుచుకుంటుంది, తెరిచేది ఏది, అంతసేపూ మిగతా పుటలను మూసి పెట్టేది ఏది? మా ప్రొఫెసరు గారు దాని వెంట పడి తొమ్మిదేండ్లయింది. ఇప్పుడు నేనూ పడ్డాను.

నీతో ఒక పని ఉంది. బావ గొడ్లను కోసే వంకగట్టు మట్టి కావాలి. దొమ్మతో చచ్చిన వాటిని కోసిన చోటే అయి ఉండాలి. ఈ పార్సిలులో బిస్కెట్ల డబ్బా ఉంది. జానెడు లోతు నుంచి గరిటెతో తీసి నింపు. చేత్తో తాకవద్దు. తర్వాత గరిటెను, చేతులను సబ్బుతో బాగా కడుగు.

నీ తమ్ముడు
దావీదు


ఎమ్మిగనూరు,
23 జూన్ 1957

తమ్ముడు దావీదును అక్క దీవించి రాసేది.

నీ జాబు మీ బావ మూడుసార్లు చదివించుకున్నాడు. పెండ్లి పుట, సమాధి పుట అన్న మాట ఆయనకు భలే నచ్చింది. మరుసటి దినం రచ్చబండ కాడ గొర్రెల ఉచ్చీరప్పకు అదే చెప్పి, "మా బామ్మర్ది క్రిమి పుస్తకం సదువుతాండాడు" అన్నాడంట. ఉచ్చీరప్ప నోరు తెరిచి విన్నాడంట గానీ, ఏం అర్థమయిందో దేవునికే తెలియాల.

మట్టి పంపుతున్నాను. మీ బావే చోటు చూపించినాడు. పోయిన వేసవిలో ఉచ్చీరప్ప పొట్టేళ్ళు ఏడు పడిపోయినప్పుడు కోసింది అక్కడనే. చేత్తో తాకవద్దంటివే, నా చెయ్యి తగిలితే నీ మట్టికి మైల అంటుతాదా సామీ? ఎత్తుకుని పెంచిన చెయ్యి ఇది. సరే, గరిటెతోనే తీసినాను, సబ్బుతోనే కడిగినాను. ఆ గరిటెను మళ్ళీ చారులో పెట్టడానికి మా అత్త ఒప్పుకోలేదు.

నేను కండెలు చుట్టే పనికి పోతున్నాను. మగ్గాలవాళ్ళు ఈ మధ్య సన్న నూలు ఇస్తున్నారు, వేళ్ళు కోసుకుంటున్నాయి. బావ నీకు చెప్పులు కుట్టినాడు. వచ్చినప్పుడు తీసుకుందువు, పార్సిలులో పంపితే నలుగురూ చూస్తారని నువ్వు మొహమాట పడ్తావేమో.

నీ అక్క
సుగుణమ్మ


బెంగళూరు,
20 జూలై 1957

అక్కకు వందనాలు.

డబ్బా చేరింది. మూతకు నువ్వు గుడ్డ కట్టిన తీరు చూసి ప్రొఫెసరు గారు మెచ్చుకున్నారు. మట్టిని పరీక్షకు పెట్టాము. ఫలితం తెలియడానికి చాలా కాలం పడుతుంది.

ఇంకొక సంగతి. చచ్చిన గొడ్లను కోయడం, తోలు ఒలవడం బావ మానేయాలి. ఈ నెల నుంచే మానేయాలి. కూలికి పోయినా సరే, రాళ్ళు కొట్టినా సరే, ఈ పని మాత్రం వద్దు. ఎందుకని నన్ను అడగవద్దు. నేను చెప్తున్నాను కాబట్టి మాన్పించు.

అక్టోబరులో అదే చోటు నుంచి ఇంకొక డబ్బా మట్టి కావాలి. అందాకా ఆ గట్టును ఎవరూ తవ్వకుండా, సున్నం చల్లకుండా చూడు. మట్టి సంగతి ఊళ్ళో ఎవరితోనూ అనవద్దు. పశువుల ఆసుపత్రి వాళ్ళతో అసలే అనవద్దు.

నీ తమ్ముడు
దావీదు


ఎమ్మిగనూరు,
29 జూలై 1957

దావీదుకు.

ఎందుకని అడగవద్దంటివి. అడగను. నేను అడగకుండానే తిక్కయ్య చెప్పినాడు. నీ హాస్టలులోనే ఉంటాడంట కదా, సెలవులకు ఆదోనికి వచ్చి మన పేటలో చుట్టాలింటికి వచ్చినాడు. మీ బావ పదెకరాల రైతు అని అక్కడ నువ్వు చెప్పుకుంటావంట. తిక్కయ్య ఆ మాట నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేదు.

నాయనా, అమ్మ పోయిననాటికి నీకు మూడేండ్లు. నన్ను పెండ్లాడేటప్పుడు మీ బావ పెట్టింది ఒకటే మాట, "పిల్లోడు కూడా మాతోనే ఉంటాడు" అని. ఆదోని మిషను బళ్ళో నిన్ను చేర్పించింది ఆయన ఒలిచిన తోళ్ళు. ఆ కత్తి లేకపోతే నీకు పలక లేదు. ఇప్పుడు ఆ కత్తి నీ కంటికి ఆనలేదు. రాళ్ళు కొట్టమంటివి.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించలేదు. ఏం రాసినాడని అడిగితే, నిన్ను తలుచుకున్నాడని చెప్పినాను. ఆయన కత్తి నూరుకుంటుంటే దగ్గర కూర్చుని నేనే అన్నాను, "నీ పని నువ్వు సెయ్యి. ఎవురికోసమూ మానొద్దు" అని. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సరేలే అన్నాడు.

సుగుణమ్మ


బెంగళూరు,
6 ఆగస్టు 1957

అక్కకు వందనాలు.

తిక్కయ్య చెప్పింది నిజమే. ఇక్కడ భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో నువ్వు చూడలేదు. మొదటి వారంలోనే అడిగారు, మీవాళ్ళు ఏం చేస్తారని. నోటికి వచ్చింది చెప్పాను.

సిగ్గే అనుకో అక్కా. నాకు సిగ్గుగానే ఉంది, అందుకే మాన్పించమంటున్నాను అనుకో. నన్ను ఎంత తిట్టినా తిట్టు. తిట్టుకుంటూనే మాన్పించు. నా చదువు అయ్యేదాకా, ఒక్క ఏడాది ఓపిక పట్టండి చాలు.

నీ తమ్ముడు
దావీదు


ఎమ్మిగనూరు,
28 ఆగస్టు 1957

దావీదుకు.

సిగ్గే అనుకో అంటివి. అనుకున్నాను. మూడు వారాలు అదే అనుకుంటూ కండెలు చుట్టినాను. జాబు రాయకూడదనే ఉంటిని. మీ బావ ఊరుకోలేదు, పిల్లోనికి రాయి, ఎట్లుండాడో ఏమో అని దినమూ పోరు. అందుకని రాస్తున్నాను.

వానలు బాగా పడినాయి. వంక రెండుసార్లు పారింది. ఎడమ గోడ కొంచెం కూలింది, మీ బావ మట్టి మెత్తి నిలబెట్టినాడు. నీ పాత పుస్తకాల పెట్టె తడవలేదు. మా అత్తకు మోకాళ్ళ నొప్పులు, అయినా నోరు మాత్రం బాగా నడుస్తున్నది.

ఉచ్చీరప్ప మందలో వారంలోనే నాలుగు గొర్రెలు పడిపోయినాయి. నీవు సిగ్గుపడే పనే కాబట్టి చెప్తున్నాను, నాలుగింటినీ మీ బావే ఒలిచినాడు. తోళ్ళు ఆదోని మండీకి బండి మీద పోయినాయి. వాటిల్లో ఒక్కదానికి కూడా కత్తి గీత పడలేదని మండీలో మెచ్చుకున్నారంట. ఆ కత్తి పనితనం నీకు తెలియదు.

ఆయన కుడి మణికట్టు మీద ఒక పొక్కు లేచింది. మొదట చీమ కుట్టినట్టు ఉండె. రెండు దినాలకు నడుమ బొగ్గు తునక మాదిరి నల్లగా అయింది, చుట్టూ నీళ్ళ పొక్కులు, చెయ్యి ఉబ్బింది. నొప్పి మాత్రం లేదంట. వేపాకు నూరి కట్టినాను. ఆసుపత్రికి పోదామంటే, నొప్పి లేని పుండుకు సూదులెందుకని నవ్వుతాడు. ఇది కూడా నీకు రాయమన్నాడు, మా బామ్మర్ది ఏ క్రిమో చెప్తాడులే అని.

సుగుణమ్మ


బెంగళూరు,
1 సెప్టెంబరు 1957

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. బావను వెంటనే ఆదోని ఆసుపత్రికి తీసుకుపో. పెన్సిలిన్ సూదులు వేయమని అడుగు. చచ్చిన గొర్రెలను కోశాడని డాక్టరుకు తప్పకుండా చెప్పు. ఆలస్యం చేయవద్దు.

సూది వేయించకముందు ఒక చిన్న పని. శుభ్రమైన నూలు పోగు ఒకటి అరగంట నీళ్ళలో కాచి ఆరబెట్టు. పుండు అంచున ఊరే నీటిలో దాన్ని తడిపి, కాచిన సీసాలో వేసి మూత బిగించి నాకు పంపు. సూది పడితే మళ్ళీ అది దొరకదు. ప్రొఫెసరు గారికి ఇది చాలా అవసరం. నీ చేతులకు గుడ్డ చుట్టుకో.

దావీదు


ఎమ్మిగనూరు,
4 సెప్టెంబరు 1957

తమ్మునికి.

నీ జాబు పొద్దున పది గంటలకు అందింది. పన్నెండు గంటల బస్సుకు పోయేవాళ్ళమే. పోగు కాచి, నీడన ఆరబెట్టి, సీసా కాచి, నువ్వు చెప్పినట్టే చేసేసరికి బస్సు పోయింది. సాయంత్రం బస్సు చెడిపోయిందంట, రాలేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు పోతాము. చెయ్యి భుజం దాకా ఉబ్బింది, రాత్రి నుంచి కాలే జ్వరం. బస్సు పోతాదని నేను తొందర పడితే ఆయనే అన్నాడు, "బామ్మర్ది అడిగినాడు కదా, ఇచ్చే పోదాం" అని. సీసా ఈ దినమే తపాలాకు ఇచ్చినాను.

సుగుణమ్మ


ఎమ్మిగనూరు,
10 అక్టోబరు 1957

తమ్ముడు దావీదును అక్క దీవించి రాసేది.

నువ్వు పోయి నెల దాటింది. ఇల్లు మూగగా ఉంది. మా అత్త కూడా నోరు ఎత్తడం లేదు. దేవరగట్టు పండగకు పోయే బండ్లు మన వీధి మీదుగానే పోయినాయి. పోయిన ఏడు ఆయన వాకిట్లో నిలబడి ఒక్కో బండినీ పలకరించినాడు.

నువ్వు వచ్చి సమాధిలో మన్ను వేసినావు. పేటంతా చూస్తుండగా ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చినావు. అప్పుడే నా కోపమంతా పోయింది. సిగ్గు పడేవాడు అట్లా పాదాలు పట్టుకోడు. నిన్ను నానా మాటలన్నాను, మనసులో పెట్టుకోవద్దు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తింటున్నది. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. నువ్వు మాన్పించమన్నావు. ఆ ఉత్తరం నేను ఆయనకు చదవలేదు. చదవకపోగా, మానొద్దని చెప్పినాను. ఆ పనిలోనే ఈ పుండు అంటిందని ఆదోనిలో డాక్టరు చెప్పినాడు. నాలుగు దినాల ముందు వచ్చింటే సూదికే పోయేదన్నాడు. మా తాతలనాటి నుంచి దొమ్మ గొర్రెలు కోస్తున్నాము, అది మనిషికి అంటుతాదని మాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు సిగ్గుతో అన్నా ఆ మాట ఆయనను కాపాడేదే. దేవుడే నీ నోట పలికించినాడేమో. నేనే అడ్డం పడినాను.

నీకు కుట్టిన చెప్పులు మరిచిపోయి పోయినావు. గూట్లోనే ఉన్నాయి.

నీ అక్క
సుగుణమ్మ


బెంగళూరు,
22 అక్టోబరు 1957

అక్కకు వందనాలు.

నీ తప్పేమీ లేదు. అట్లా అనుకుని మనసు పాడుచేసుకోవద్దు. నువ్వన్నట్టు దేవుడే నా నోట పలికించాడేమో. ఆయన చిత్తం మనకేం తెలుస్తుంది.

మట్టి డబ్బా సంగతి మరిచిపో, ఇక అవసరం లేదు. నువ్వు ఆ గట్టు వైపు పోవద్దు. డిసెంబరు సెలవులకు వస్తాను. కొన్ని మాటలు ఎదురుగా కూర్చుని చెప్పవలసినవి ఉన్నాయి, ఉత్తరంలో రాయలేను.

నీ తమ్ముడు
దావీదు


ఎమ్మిగనూరు,
9 జనవరి 1958

దావీదుకు.

డిసెంబరులో నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

పశువుల ఆసుపత్రి కంపౌండరు గోవిందన్న నిన్న మన ఇంటికి వచ్చినాడు. వంకగట్టు ఎక్కడో చూపించమన్నాడు. మీకెట్లా తెలుసు ఆ గట్టు అని అడిగినాను. సంచిలో నుంచి అచ్చు కాగితాలు తీసినాడు, మీ పరిశోధనాలయం నుంచి కర్నూలుకు వచ్చి, అక్కడి నుంచి ఆయనకు వచ్చినాయంట. ఇంగ్లీషు. చదివి చెప్పమని వాకిట్లో కూర్చోబెట్టినాను. మజ్జిగ ఇచ్చినాను. నిదానంగా చదివినాడు పాపం, అతనికేం తెలుసు.

ఎమ్మిగనూరు వంకగట్టు మట్టి, జూన్ నెలలో తీసింది. ఆ మట్టిలో దొమ్మ బీజాలు లెక్కలేనన్ని బతికి ఉన్నాయని తేలిన దినం, జూలై 14. గోవిందన్నతో ఆ తేదీ మళ్ళీ చదివించినాను. మూడోసారి చదవమంటే నా మొహం చూసినాడు. ఫలితానికి చాలా కాలం పడుతుందని నువ్వు నాకు రాసింది జూలై 20న. ఆ జాబు నా ఒళ్ళోనే ఉంది.

మూసి ఉన్న పీనుగులో ఆ క్రిమి కుళ్ళి చస్తాదంట. కోసి నెత్తురు గాలికి పెడితేనే బీజం కడతాదంట. అది మనిషికి కూడా అంటుతాదంట. ఇదంతా మొదటి పుటలోనే ఉంది. నువ్వు ఈ చదువులో పడినప్పటి నుంచీ ఎరుగుదువు. నాకు క్రిమి పుట్టుక అంతా చెప్పినావు, పెండ్లి పుట, సమాధి పుట అని కథలు చెప్పినావు. "బావకు అంటుతుంది అక్కా" అనే ఒక్క మాట చెప్పలేదు. మట్టిని చేత్తో తాకవద్దంటే నా చేతికి మైల ఉందని నువ్వు అనుకుంటున్నావని నవ్వుకున్నానే, ఎంత వెర్రిదాన్ని.

ఇంకా ఉంది. మనిషి పుండు నుంచి తీసిన నీరు, నూలు పోగు మీద, సెప్టెంబరు 7న చేరింది, దాంట్లో క్రిమి ఉంది అని రాసినారు. ఆయన కన్ను మూసింది ఆ దినమే. మనిషి ఎవరంటే, మగవాడు, వయసు ముప్పై ఎనిమిది, తోలు పనివాడు. పేరు లేదు. మట్టి తెచ్చింది ఎవరంటే, స్థానిక సహాయకురాలు ఒకతె. అది నేను.

ఆ పోగు నేను చుట్టిన కండెలోది. అన్నిటికంటే సన్న నూలు ఏరి తీసినాను, నీ పని చక్కగా కావాలని. నా ఉత్తరం నీకు ఆగస్టు 31న చేరిందని నువ్వే రాసినావు. ఆ పొద్దే తంతి ఇచ్చింటే మరుసటి దినం ఆయన ఆసుపత్రిలో ఉండేవాడు. నువ్వు ఒక రాత్రి ఆలోచించి, కూర్చుని, పోగు ఎట్లా కాచాలో రాసినావు.

నాకు ఒకటే తెలియాల. సిగ్గే అనుకో అని నువ్వు ఎందుకు రాసినావు?

సుగుణమ్మ


బెంగళూరు,
16 జనవరి 1958

అక్కా,

నువ్వు అడిగినదానికే మొదట జవాబు. నా ఉత్తరం చూసి నాకు సిగ్గని నువ్వు అనుకున్నావు. అది చదివి నాకు ఊరట కలిగింది. అసలు కారణం చెప్పకుండానే పని జరుగుతుందని అనుకున్నాను. అబద్ధం నువ్వే తయారుచేసి ఇచ్చావు, నేను తీసుకున్నాను. నిన్ను దెప్పడానికి కాదు, జరిగింది అట్లా.

జూలై 14న ప్రొఫెసరు గారు నన్ను పిలిచి, ఈ సంగతి గదిలో నుంచి బయటికి పోకూడదన్నారు. పోతే పశువుల శాఖ వాళ్ళు వచ్చి సున్నం పోసి గట్టు తగలబెడతారు. వానల తర్వాత అదే మట్టిలో బీజాలు ఎట్లా ఉన్నాయో చూడకపోతే పని సగంలో ఆగుతుంది. నా డిగ్రీ కూడా. మా అక్కావాళ్ళు అక్కడే ఉంటారు సార్ అని నేను అనవలసింది. మా బావ అక్కడే కోస్తాడు అని అనవలసింది. అప్పటికే ఆయనకు పదెకరాల రైతు కథే, మట్టి పంపింది ఊళ్ళో ఎవరో అనే చెప్పి ఉన్నాను. నోరు రాలేదు.

ఆగస్టు 31న తంతి ఆఫీసు దాకా పోయాను. ఫారం తీసుకున్నాను. పుండు అదే అయితే మనిషి నుంచి తీసిన మొదటి నమూనా మనదవుతుందని సాయంత్రం, ఊళ్ళో ఎవరో తోలు పనివాని పుండు అని నేను చెప్పినప్పుడు, ప్రొఫెసరు గారు అన్న మాట తలలో తిరుగుతూ ఉంది. తంతిలో పోగు సంగతి రాయడానికి చోటు చాలదు. అందుకని ఉత్తరం రాశాను. రెండు మూడు దినాల తేడాలో ఏం అవుతుందిలే అనుకున్నాను. ఇదీ నిజం. ఇంతకంటే మంచి నిజం నా దగ్గర లేదు.

బావ పాదాలు పట్టుకుని ఏడ్చింది దొంగ ఏడుపు కాదు. ఆ ఒక్కటి నమ్ము. చదువు వదిలేసి వచ్చేయమంటే రేపే వస్తాను. నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను. మన్నించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు
దావీదు


ఎమ్మిగనూరు,
2 ఫిబ్రవరి 1958

దావీదుకు.

నీ జాబు అందింది. మా అత్తకు చదివి వినిపించినాను, ఒక్క అక్షరం దాచలేదు. ఆమె విని, లేచి, గూట్లో ఉన్న చెప్పులు తీసుకుపోయి దారిన పోయే ముసలి కూలివానికి ఇచ్చి వచ్చింది.

గట్టు చుట్టూ కంప నాటించినాము. గోవిందన్న సున్నం తెప్పించినాడు, ఉచ్చీరప్ప మందకంతా సూదులు వేసినాడు. అంతకు ముందే రెండు గొర్రెలు పడిపోయినాయి. ఉచ్చీరప్ప మీ బావ తమ్మునికి కబురు పెట్టినాడు. కత్తి తీసుకుని అతను పోతుంటే నేను ముందు పోయి ఆ గొర్రెల పక్కన కూర్చున్నాను. తోలు పోతాదని ఉచ్చీరప్ప కోప్పడినాడు, పేటవాళ్ళు మాంసం పోతాదని కోప్పడినారు. నేను వాళ్ళతో ఒకటే అన్నాను, "కోస్తే ఇత్తనం కడతాది. నా మొగుడు దాంతోనే సచ్చినాడు. కొయ్యకుండా పూడ్సండి." అంతే. వాళ్ళకు అర్థమయింది. ఉచ్చీరప్పే పార తెచ్చినాడు. ఆ మూడు ముక్కలు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో చూసుకున్నాను. డిగ్రీ అక్కర లేకపోయింది.

అబద్ధం నేనే తయారుచేసి ఇచ్చినానని రాసినావు. నిజమే. మానొద్దని ఆయనతో చెప్పిన నోరు నాదే, పోగు తడిపిన చెయ్యి నాదే. నీవు నీ చేత్తో ఏమీ చేయలేదు. చేయించినావు. ఆయనను పోగొట్టుకున్నది చాలక, ఆ పని నా చేత చేయించినావు. అది నేను మన్నించలేను.

చదువు వదిలి రావద్దు. ఆయన తోళ్ళతో కొన్న చదువు అది, పారేసే హక్కు నీకు లేదు. ముగించు. నీ పుస్తకం అచ్చయ్యేటప్పుడు, తోలు పనివాడు, మగవాడు, ముప్పై ఎనిమిది అని ఉన్న చోట పేరు రాయి. పుల్లన్న, ఎమ్మిగనూరు. ఆయన నీకేమవుతాడో కూడా రాయి. ప్రొఫెసరు చదివే పుటలోనే రాయి.

ఆ బీజం మేత లేక నలభై ఏండ్లయినా పడి ఉంటాదని నువ్వే చెప్పినావు. నా కోపాన్ని కూడా అట్లా మూసి పెట్టుకున్నాను, నాకు ఇంకా ముసలామెను సాకే పని ఉంది, కండెల పని ఉంది. నువ్వు అక్కా అని రాసే ప్రతి జాబూ దానికి మేతే. ఇంక రాయవద్దు.

నీ బిస్కెట్ల డబ్బా అరగంట కాచి, నీడన ఆరబెట్టి, ఈ పార్సిలులో తిరిగి పంపుతున్నాను. ఖాళీదే.

పుల్లన్న పెండ్లాము
సుగుణమ్మ